నిజంగా రక్షణ (యేసుని నమ్మి పాపాల నుంచి విడుదల) పొందినవాడు తప్పిపోతాడా? మా అన్నయ్య గురించి అడుగుతున్నాను

ఏటిగట్టు_తమ్ముడు
అందరికీ వందనాలండి. చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి, పెద్దదైపోతే క్షమించండి.

మాది రాజోలు అవతల ఏటిగట్టు కింద ఊరు. మా అన్నయ్య నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పందొమ్మిదో ఏట కాలవలో బాప్తిస్మం తీసుకున్నాడు. జూలై నెల, అప్పుడే గోదారి ఎర్రనీళ్ళు కాలవల్లోకి దిగేయి, తెల్లచొక్కాతో దిగి ఇటిక రంగు చొక్కాతో పైకొచ్చేడు. అమ్మ ఎన్నిసార్లు ఉతికినా ఆ రంగు పూర్తిగా పోలేదు, ఆ చొక్కా ఇంకా పెట్లోనే ఉంది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు సండే స్కూలు ఆయనదే, డోలక్ ఆయనదే, ఎవరింట్లో రోగం వచ్చినా రాత్రి పన్నెండింటికైనా సైకిలేసుకుని వెళ్ళి ప్రార్థన చేసొచ్చేవాడు. నాకు వాక్యం నేర్పింది ఆయనే.

తర్వాత రొయ్యల చెరువు వేశాడు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగం వచ్చి పోయేయి. బంగారం బ్యాంకులోకి వెళ్ళింది, సంఘంలో ఒక విశ్వాసి దగ్గర అప్పు చేశాడు, అది టయానికి తీర్చలేకపోతే ఆదివారం కూడిక అయిపోయాక అందరి ముందు నిలదీశారు, ప్రభువు బల్ల రొట్టె దగ్గరికి రావద్దన్నారు. ఆ రోజు నుంచి వెళ్ళలేదు, నాలుగేళ్ళయింది. తాగుడు లేదు, చెడు తిరుగుడు లేదు. పోయిన నెల్లో అమ్మతో, అమ్మా నాకు నమ్మకం పోయింది, ఉన్నట్టు నటించలేను అని చెప్పేశాడు.

అమ్మ ఏడుస్తూ మా సంఘపెద్ద దగ్గరికెళ్తే ఆయన అన్న మాట, "మీవాడు మొదట్నుంచీ రక్షణ పొందలేదమ్మా, పొందుంటే పోడు." మనలోంచి బయటికెళ్ళినవాళ్ళు అసలు మనవాళ్ళు కారు అనే 1 యోహాను 2:19 చదివి వినిపించారంట. అప్పట్నుంచి అమ్మ రాత్రి పూట అన్నం ముట్టట్లేదు. ఉపవాసం అంటుంది గానీ అది దిగులండి, నాకు తెలుసు.

నేను అడిగేది ఒక్కటే. ఆ ఇరవై రెండేళ్ళూ అబద్ధమేనా?

నర్సాపురం_విశ్వాసి
తమ్ముడూ, చదివి చాలాసేపు ఏం రాయాలో తెలీలేదు. అమ్మగారికి నా వందనాలు చెప్పండి.

నేను బ్రదరన్ సహవాసంలో పుట్టి పెరిగినోణ్ణి. 1836లో ఇంగ్లాండు నుంచి బౌడెన్ గారు, బీర్ గారు బయల్దేరొచ్చి ఈ నర్సాపురం, పాలకొల్లు వైపు మొదలుపెట్టిన పని, గోదావరి డెల్టా మిషన్ అంటారు కదా, మా ముత్తాతల కాలం నుంచి అందులోనే ఉన్నాం. మాకు చిన్నప్పట్నుంచి నేర్పింది రక్షణ పోదు అనే. యోహాను 10:28లో ప్రభువు తన గొర్రెల గురించి "అవి ఎన్నటికిని నశింపవు" అన్నారు. ఎన్నటికీ అంటే ఎన్నటికీ. దీని మీద నేను వెనక్కి తగ్గను.

కానీ మీ సంఘపెద్దగారు ఆ వచనం వాడిన తీరు నాకు నచ్చలేదు. దాని కింద 22వ వచనం దాకా చదవండి, యోహాను అక్కడ మాట్లాడేది యేసే క్రీస్తు కాడని బోధిస్తూ సంఘాన్ని చీల్చుకుని వెళ్ళిపోయిన బోధకుల గురించి. చెరువు పోయి, అప్పుల్లో మునిగి, అందరి ముందు అవమానపడి ఇంట్లో కూచున్న మనిషి గురించి కాదు. ఆ వచనం తీసుకెళ్ళి ఒక తల్లి ముందు పెట్టడం తప్పు.

లూథరన్_మాస్టారు
భీమవరం దగ్గర నుంచి రాస్తున్నాను. రిటైర్డు టీచర్ని, ఏఈఎల్‌సీ (ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) సంఘస్థుణ్ణి. పైన బ్రదర్ గారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, మా లూథరన్ విశ్వాసం ఇక్కడ వేరు.

మా లూథరన్ల మూల పత్రం 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 12వ అధికరణలో, ఒకసారి నీతిమంతుడిగా తీర్చబడ్డవాడు పరిశుద్ధాత్మను పోగొట్టుకోడు అనే బోధని పేరుపెట్టి ఖండించారు. 1537 నాటి లూథర్ గారి ష్మాల్కాల్డ్ అధికరణాల్లో దావీదు రాజు సంగతే చెప్తారు, పరాయివాడి భార్య బత్షెబ విషయంలో, ఆమె భర్త ఊరియా హత్య విషయంలో పడ్డప్పుడు విశ్వాసమూ ఆత్మా ఆయన్ని విడిచిపోయేయని. 51వ కీర్తనలో దావీదు నీ పరిశుద్ధాత్మను నా దగ్గర నుంచి తీసివేయొద్దు అని బతిమాలుకున్నాడంటే పోయే ప్రమాదం ఉందనే కదా. లూకా 8:13లో రాతినేల విత్తనం గురించి ప్రభువే, కొంచెం కాలం నమ్మి శోధనకాలంలో తొలగిపోతారు అన్నారు. నమ్మినట్టు నటించి అనలేదు, నమ్మి అన్నారు.

అంచేత బాబూ, నీ ప్రశ్నకి నా జవాబు సూటిగా చెప్తాను. మీ అన్నయ్య ఇరవై రెండేళ్ళు నిజం. ఇప్పుడు పోయింది కూడా నిజం. పోయింది మళ్ళీ రావొచ్చు, ప్రభువుని ఎరుగనన్న పేతురుకి రాలేదా.

కువైట్_సిస్టర్
ప్రైజ్ ద లార్డ్ అండి అందరికీ. మాది ముమ్మిడివరం దగ్గర, కువైట్‌లో ఇంటి పని చేస్తున్నాను తొమ్మిదేళ్ళుగా. ఇక్కడ సెలవు శుక్రవారం గనక ఆరాధన శుక్రవారమే. ఈ పోస్టు నిన్న రాత్రి గిన్నెలు కడిగి పడుకునే ముందు చదివి నిద్రపట్టక మళ్ళీ లేచి రాస్తున్నాను.

మాది పెంతెకోస్తు సంఘం. రక్షణ పోతుందనే మాకు నేర్పేరు, హెబ్రీ 6వ అధ్యాయం నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చు, "ఒకసారి వెలిగింపబడి" అని మొదలయ్యే మాటలు. నమ్ముతాను కూడా. కానీ ఆ భయం నన్నేం చేసిందో చెప్తాను. ప్రతి కన్వెన్షన్‌లో ప్రభువుని అంగీకరిస్తున్నానని మళ్ళీ చెయ్యెత్తేదాన్ని. అబద్ధం ఆడినా, మా అత్తగారి మీద అరిచినా, ఇంక నా పేరు జీవగ్రంథంలోంచి కొట్టేశారేమో అనుకుని ఏడ్చేదాన్ని. ఇక్కడికొచ్చిన మొదటి సంవత్సరం ఫోను కూడా లేదు, ఆరాధన లేదు, బైబిలు సూట్‌కేసులోంచి తియ్యడానికి భయం, ఏడాది పాటు ప్రార్థనే రాలేదు నోటికి. ఇంక అయిపోయింది, హెబ్రీ 6లో చెప్పింది నేనే అనుకున్నాను. తప్పిపోయినవాళ్ళని మళ్ళీ మారుమనస్సుకి తేవడం అసాధ్యము అని రాసుంది కదా అక్కడ. అసాధ్యమైతే ప్రార్థన చేసి ఏం లాభం అని మానేశాను, పాపం మీద ప్రేమతో కాదండి, ఆశ లేక మానేశాను.

వాళ్ళ అన్నయ్య కూడా అలా అనుకుంటున్నాడేమో ఎవరైనా అడిగేరా అసలు?

బయటికొచ్చినోడు
నేను ఈ గ్రూపులో రాయకూడదేమో, మోడరేటర్ గారు తీసేయమంటే తీసేస్తాను. నేను విశ్వాసం వదిలి ఏడేళ్ళయింది. పాలకొల్లు వైపు మాది. గొడవ పెట్టుకోడానికి రాలేదు. ఆ అన్నయ్య స్థానంలో ఉన్నోణ్ణి గనక ఒక్క మాట చెప్తాను.

మీరు నన్ను తప్పు అనండి, దారి తప్పేనని అనండి, నేను బాధపడను. కానీ నువ్వు ఎప్పుడూ నమ్మలేదు అంటే మాత్రం కడుపులో తిప్పినట్టుంటుంది. నేను మా నాన్న ఆపరేషన్ రోజు ఆస్పత్రి మెట్ల మీద మోకాళ్ళూని చేసిన ప్రార్థన నాకు గుర్తుంది, అది నాటకం కాదు. మీ సిద్ధాంతం నిలబడ్డానికి నా జ్ఞాపకాల్ని అబద్ధం చెయ్యాల్సొస్తే ఇంక నేను మీతో ఏం మాట్లాడగలను? మా ఇంట్లో ఆ మాట అన్నారు, ఆ రోజు నుంచి నేను ఈ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు. దిగులుపడే అమ్మగారు ఒక్కసారి ఆ అన్నయ్య వైపు నుంచి ఆలోచిస్తే బావుంటుంది. ఇంతే.

మోడరేటర్
తియ్యక్కర్లేదండి. మీరు రాయడం మంచిదైంది. ఎవరూ ఈయనకి వచనాలు విసరొద్దని మనవి.

నర్సాపురం_విశ్వాసి
బ్రదర్, అలా పిలవొచ్చో లేదో తెలీదు, పిలుస్తున్నాను. మీ పోస్టు మూడు సార్లు చదివేను. నేను కూడా మా మేనల్లుడితో అదే మాట అన్నాను ఒకప్పుడు. వాడు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. రక్షణ పోదు అనే నమ్మకం నాకింకా ఉంది, కానీ ఆ నమ్మకంలోంచి, పోయినవాడికి అసలు లేదు అనే మాట అంత తేలిగ్గా నోట్లోంచి రావడం వేరే విషయం అని ఇప్పుడు అర్థమవుతోంది. మత్తయి 7:23లో "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" అనేది తీర్పు రోజున ప్రభువు అనే మాట, అది నేను అనేసేను.

సెమినరీ_కుర్రోడు
అన్నలకీ అక్కలకీ వందనాలు. నేను బైబిల్ కాలేజీలో మూడో సంవత్సరం, మాది అమలాపురం దగ్గరే. ఇది క్లాసులో చదివిందే గానీ ఇక్కడ పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

ఈ గొడవ మన ఊళ్ళది కాదు, చాలా పాతది. 1609లో అర్మీనియస్ అనే వేదాంతి చనిపోయేక ఆయన శిష్యులు 1610లో హాలెండులో ఐదు అంశాలతో ఒక పత్రం ఇచ్చారు. అందులో ఐదోది ఇదే, విశ్వాసి పూర్తిగా పడిపోగలడా లేదా అని. అందరూ వాళ్ళు పడిపోగలడు అన్నారనుకుంటారు, కానీ ఆ పత్రంలో వాళ్ళు తేల్చలేదు, లేఖనాల్ని ఇంకా బాగా పరిశీలించాకే నిశ్చయంగా బోధించగలం అని రాశారు. తేల్చి పడిపోగలడు అన్నది తర్వాత. అదీ సంగతి, అంత పెద్ద తర్కం చేసినోళ్ళే ముందు ఆగి చూస్తామన్నారు.

దానికి జవాబుగా 1618-19లో డోర్ట్ పట్టణంలో సభ పెట్టి, దేవుడు తన వాళ్ళని కడదాకా కాపాడతాడు అని తీర్మానించారు. రక్షణ పోదు అనేవాళ్ళంతా ఈ డోర్ట్ పేరు చెప్తారు గానీ చదివినవాళ్ళు తక్కువ. ఆ ఐదో భాగంలో రెండు సంగతులున్నాయి. ఒకటి, నిజమైన విశ్వాసులే దావీదులా పేతురులా ఘోరంగా పడిపోవచ్చని, కొంతకాలం దేవుడి దయ తమ మీద ఉందన్న అనుభూతి కూడా పోగొట్టుకోవచ్చని రాశారు. రెండోది ఇంకా ముఖ్యం, 14వ అధికరణ. దేవుడు కాపాడేది ఎలాగ అంటే వాక్యం వినడం, చదవడం, దాన్ని ధ్యానించడం, దానిలోని హెచ్చరికలు, బెదిరింపులు, వాగ్దానాలు, సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభువు బల్ల), వీటి ద్వారానే అంటారు. అంటే హెబ్రీ 6 లాంటి వచనాలు కాపాడే పనిముట్లే, వాటిని పక్కన పెట్టి కాపాడడు.

కువైట్ అక్కా, హెబ్రీ 6లో 9వ వచనం కూడా కంఠతా పట్టు. అంత గట్టిగా హెచ్చరించేక వెంటనే ప్రియులారా అని పిలిచి, మీరు రక్షణకరమైన స్థితిలోనే ఉన్నారని గట్టిగా నమ్ముతున్నాం అంటాడు.

లంక_రైతు
కుర్రోడు చెప్పింది మా లంకల భాషలో చెప్తాను. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి 11.75 అడుగులొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోది ఇచ్చేరంటే లంకలో ఉన్నోళ్ళు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కాలి. 1986 ఆగస్టు వరదలో చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. మా నాన్న ఆ రాత్రి పెంకుటింటి కప్పు మీద కూచుని తెల్లార్లు గడిపేడు.

హెచ్చరిక ఇచ్చేది వినేవోళ్ళు లేవడానికండి. ఎవరు కొట్టుకుపోయేరో లెక్క రాసుకోడానికి కాదు. హెబ్రీ 6 పట్టుకుని నీళ్ళల్లో ఉన్నోడి గురించి గట్టు మీద కూచుని వీడు చచ్చేడా బతికేడా అని వాదించుకునేవోళ్ళని ఏమంటాం? పడవ వెయ్యాలి. హెచ్చరిక నాకు, నేను గట్టు మీదున్నాను గనక, రేపు నేను పడకుండా. 1 కొరింథీ 9:27లో పౌలు తన గురించి తనే భ్రష్టుడనైపోతానేమో అన్నాడు, పక్కోడి గురించి అనలేదు. ఇంతకంటే నాకు తెలీదు.

లూథరన్_మాస్టారు
లంక రైతు గారూ, మీ మాట ముందు నా 1530 పక్కన పెట్టాల్సొచ్చింది. ఒక చరిత్ర సంగతి మాత్రం చెప్పనివ్వండి, అది మీ మాటకే బలం.

క్రీ.శ. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి డేసియస్, అందరూ దేవతలకి బలి ఇచ్చి ఇచ్చినట్టు సర్టిఫికెట్ తెచ్చుకోవాలని శాసనం చేశాడు. ఆ సర్టిఫికెట్లు కొన్ని ఈజిప్టు ఇసకలో దొరికేయి కూడా, పపైరస్ కాగితాలు. వేలమంది క్రైస్తవులు భయపడి బలులిచ్చేరు, కొందరు డబ్బిచ్చి సర్టిఫికెట్ కొనుక్కున్నారు. హింస తగ్గేక వాళ్ళంతా ఏడుస్తూ తిరిగొచ్చేరు. రోములో నొవేషియన్ అనే పెద్ద, వీళ్ళని చేర్చుకోకూడదు అన్నాడు. కార్తేజీ బిషప్పు సిప్రియన్ మాత్రం, పశ్చాత్తాపానికి తగిన కాలం పెట్టి చేర్చుకుందాం అన్నాడు. సిప్రియన్ మెతక మనిషి కాదు, చివరికి 258లో తల నరికించుకున్నవాడు. సంఘం ఆయన మాటే విన్నది. నొవేషియన్ వర్గం వేరే సంఘంగా మిగిలింది, 325 నైసియా సభ వాళ్ళు తిరిగొస్తే ఎలా చేర్చుకోవాలో 8వ నియమంలో రాసింది, పడినవాళ్ళతో సహవాసం చేస్తామని ఒప్పుకోవాలని షరతు పెట్టింది.

పడినవాళ్ళు మొదట్నుంచీ విశ్వాసులా కాదా అనేదానికంటే, తిరిగొస్తే తలుపు తియ్యాలా వద్దా అనే ప్రశ్న దగ్గరే అప్పుడు ఎక్కువ నలిగేరు. మీ సంఘం కూడా ముందు ఆ రెండోదానికి జవాబు చెప్పాలి బాబూ.

కొబ్బరి_వ్యాపారి
నేను పదకొండేళ్ళు బయట ఉండి తిరిగొచ్చినోణ్ణి. అంబాజీపేట వైపు. ఆ పదకొండేళ్ళు నేను రక్షణలో ఉన్నానా లేనా అంటే నాకే తెలీదు, ప్రభువుకే తెలుసు. కాకపోతే మా మేనత్త ప్రతి శనివారం వచ్చేది. వాక్యం ఎత్తేది కాదు. చింతకాయ పచ్చడో, రొయ్యపొట్టో తెచ్చి పెట్టి, కొబ్బరి దింపులు ఎప్పుడురా, రేటెంతుంది, అని అడిగి వెళ్ళిపోయేది. పదకొండేళ్ళు. ఆవిడ నన్ను వదిలేసుంటే నేను ఇక్కడ రాసేవాణ్ణి కాదు.

ఇంకోటి చెప్తాను, వ్యాపారం భాషలో. ఎఫెసీ 1:14లో పరిశుద్ధాత్మని "సంచకరువు" అన్నారు. అంటే బయానా. మేం తోటకి కాయ బేరం కుదిరితే బయానా ఇస్తాం. ఇచ్చినోడు వెనక్కి పోతే ఆ డబ్బు వాడికి పోతుంది, పుచ్చుకున్న రైతుకి పోదు. నేను ఎన్నోసార్లు చదివేను గానీ తిరిగొచ్చేకే అర్థమైంది, ఇక్కడ బయానా ఇచ్చింది నేను కాదు, ఆయన. నేను మాట తప్పేను, బేరం ఆయన రద్దు చెయ్యలేదు. అంచేత నేను రక్షణ పోదు అనే వైపే. మాస్టారు ఒప్పుకోరని తెలుసు.

లూథరన్_మాస్టారు
ఒప్పుకోను. కానీ మీ మేనత్తగారి పచ్చడి మీద మాత్రం మనిద్దరం ఒకటే.

బయటికొచ్చినోడు
ఆ మేనత్తగారి లాంటోళ్ళు మా ఇంట్లో ఒక్కరున్నా బావుండేది.

నర్సాపురం_విశ్వాసి
బ్రదర్, మీరు పాలకొల్లు అన్నారు. మాకు అరగంట. వాదనకి కాదు, భోజనానికి. ఇష్టమైతే మెసేజ్ పెట్టండి, లేకపోయినా పర్లేదు. మేనల్లుడికి కూడా నిన్న ఫోన్ చేశాను, ఎత్తలేదు, మళ్ళీ చేస్తాను.

తమ్ముడికి ఒక మాట. అందరూ అన్నయ్య విశ్వాసం గురించే మాట్లాడేం, ఆ అప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. మత్తయి 18లో నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు అని ఉంది, మొదటి మెట్టు అది. మీ సంఘంలో ఆ మెట్టు ఎక్కకుండా తిన్నగా అందరి ముందు పెట్టేశారు. ఆ గాయం మానకుండా సిద్ధాంతం చెప్తే ఎవరికి ఎక్కుతుంది. ఎంత బాకీ ఉందో కనుక్కోండి.

ఏటిగట్టు_తమ్ముడు
ఆలస్యానికి క్షమించండి, వారం రోజులు రాయలేకపోయాను.

మొత్తం అమ్మకి చదివి వినిపించాను, రెండు రాత్రులు పట్టింది. లంక రైతు గారి దగ్గరికొచ్చేసరికి అమ్మ ఆపమంది. 86 వరదలో అమ్మ నడుముకి తాడు కట్టి మా నాన్న గట్టు మీదకి లాగేరంట, ఆ సంగతి మొదటిసారి చెప్పింది. తర్వాత కువైట్ సిస్టర్ గారి పోస్టు మళ్ళీ చదవమంది.

మర్నాడు రాత్రి క్యారేజీ కట్టి అమ్మే నన్ను చెరువు దగ్గరికి పంపింది. అన్నయ్య మళ్ళీ చిన్న చెరువు కౌలుకి తీసుకున్నాడు లెండి. ఏరేటర్లు తిరుగుతున్నాయి, ఆ చప్పుడులో గట్టిగా మాట్లాడితే తప్ప వినపడదు. తింటూ తింటూ అడిగేడు, నేను ఇన్నాళ్ళూ మిమ్మల్ని మోసం చేశానని అమ్మ అనుకుంటోందా అని. లేదన్నాను. నువ్వు? అన్నాడు. నేను కూడా లేదు, నువ్వు నాకు నేర్పింది నిజం కాకపోతే నాకు దొరికేదా అన్నాను. ఏం మాట్లాడలేదు. చేపల పులుసు ఎవరు వండేరు అనడిగేడు, అమ్మే అంటే గిన్నె కడిగి ఇచ్చేడు.

నాలుగేళ్ళుగా ప్రార్థన చెయ్యాలనిపించిందా అని నేను అడగలేదు. ఆయనే చెప్పేడు, మొదట్లో చేశాను, వినేవాళ్ళు లేరనిపించింది, ఆపేశాను అని. నాకు జవాబు తెలీలేదు, తెలీదనే చెప్పేను.

బాకీ లెక్క అడిగేను. వడ్డీతో కలిపి లక్షా నలభై వేలు. నా దగ్గర అరవై ఉంది, మా బావ నలభై ఇస్తానన్నాడు. బుధవారం సాయంత్రం మా బావా నేనూ ఆ విశ్వాసి గారింటికి వెళ్తున్నాం, ఇద్దరమే, సంఘపెద్దని పిలవకుండా. అన్నయ్యకి చెప్పేను. వద్దనలేదు, నోటు కాగితం మాత్రం తప్పకుండా వెనక్కి తీసుకోమన్నాడు.

అమ్మ రాత్రి అన్నం తింటోంది. బుధవారం కోసం ప్రార్థనలో పెట్టండి.